అంబదాస్ కాలికి ప్రారంభోత్సవం

ఆ రిబ్బన్ కట్టింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు డాక్టర్ భానుప్రసాద్ గారిని తిట్టుకునేటప్పుడు నన్ను మరిచిపోకూడదని.

నా పేరు ప్రవళిక. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రీసెర్చ్ కోఆర్డినేటర్‌ని. పేరు ఘనమే కానీ పనల్లా ఫారాలు నింపడం. మా సార్ భానుప్రసాద్ గారు రక్తనాళాల సర్జన్. కాలిలో ధమని మూసుకుపోయినవాళ్లకు అదే కాలి నుంచి మంచి సిర ఒకటి తీసి, మూసుకున్న చోటును దాటించి కుడతారు. రక్తం ఆ కొత్త దారిలో పారుతుంది. అందులో గడ్డ కట్టిందా, దారి మూసుకుంటుంది, కాలికే ముప్పు. గడ్డ ఎవరికి కడుతుంది, ఎవరికి కట్టదు అన్నదే సార్ మూడేళ్ల పరిశోధన.

ఆ పరిశోధనకు ముద్దుబిడ్డ అంబదాస్. చొప్పదండి అవతల ఒక ఊళ్లో మరమగ్గాలు నడుపుతాడు. రోజుకు పన్నెండు గంటలు నిలబడితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆయన మోకాలి లోపలి పక్క, చర్మం కిందే సిర కుట్టారు. వేలు పెడితే కొట్టుకోవడం తెలుస్తుంది. "అక్కడ బిగుతుగా ఏదీ కట్టొద్దు" అని సార్ చెబితే పెద్దమనిషి సాక్సులు మానేశాడు, బీడీ మానేశాడు, ఆఖరికి కాలు మీద కాలు వేసుకోవడం కూడా మానేశాడు. మూడేళ్లు గడ్డ కట్టలేదు. ఆ ఘనత మాత్రం సార్‌ది.

ఈ ఏడాది మా దగ్గర సర్జన్ల సదస్సు పెట్టారు. వేదిక మీద అంబదాస్ కాలికి డాప్లర్ యంత్రం పెట్టి, రక్తం పారే చప్పుడు మైకులో వినిపించాలి. మన దగ్గర కొబ్బరికాయ కొట్టనిదే బోరుబావి కూడా వేయరు, దీనికి ప్రారంభోత్సవం లేకపోతే ఎలా?

"కాలికే రిబ్బన్ కడదాం" అన్నారు సార్. "ముఖ్య అతిథి కత్తిరిస్తారు, వెంటనే చప్పుడు వినిపిస్తుంది. ఫొటో అదిరిపోతుంది!"

బిగుతుగా కట్టొద్దన్నది మీరే కదా సార్ అని నేను అన్నానా? అనలేదు. మోకాలి కింద, ఆ సిర మీదుగానే రెండు చుట్లు గట్టిగా చుట్టి, పువ్వులా ముడి వేశాను.

"మంచిగ కట్టు బిడ్డా, పేపర్ల వస్తది" అని మురిసిపోయాడు అంబదాస్.

పది గంటలకు ఆయన్ని వేదిక మీద కూర్చోబెట్టాం. ముఖ్య అతిథి ఆదిలాబాద్ నుంచి రావాలి. "సార్ ఇచ్చోడ దాటారు" అని మైకులో చెప్పారు. ఈలోగా ఒక ప్రొఫెసర్ గారు రక్తం ఎందుకు గడ్డ కడుతుందో నలభై నిమిషాలు వివరించారు. కదలకుండా కూర్చోవడం, నీళ్లు తాగకపోవడం, సిర మీద ఒత్తిడి అని తెర మీద బొమ్మలు. ఆ తెర కిందే అంబదాస్ కదలకుండా, నీళ్లు లేకుండా, రిబ్బన్‌తో కూర్చుని ఉన్నాడు. మేం చప్పట్లు కొట్టాం.

"సార్ నిర్మల్‌లో టీ తాగుతున్నారు" అన్నారు. ఈలోగా పెద్దలు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు.

పన్నెండవుతుండగా అంబదాస్ నన్ను సైగ చేసి పిలిచాడు. "పాదం తిమ్మిరెక్కింది బిడ్డా. జర ఇప్పుతవా?"

వెళ్లి సార్‌ని అడిగాను. "జగిత్యాల దగ్గరికొచ్చారట. ఇప్పుడు విప్పితే మళ్లీ ఆ పువ్వు వస్తుందా?" అన్నారు.

"జర ఓర్సుకో కాకా, అయిపోవట్టింది" అన్నాను. ఓర్చుకున్నాడు.

ఆయన భార్య కమలవ్వను చివరి వరుసలో కూర్చోబెట్టాం. ఆమెకు ఓపిక నశించి నీళ్ల సీసాతో వేదికెక్కింది. మొగుడి పాదం ముట్టుకుంది. "ఓ సారూ! గీ కాలు మంచు లెక్క సల్లగున్నది!"

ముందు వరుసలో ముప్పై మంది సర్జన్లు. పాదం పాలిపోవడం అక్కడికే కనిపిస్తోంది. ఒకాయన ఫోన్ చూసుకున్నాడు. కమలవ్వ పళ్లెంలో గులాబీల మధ్య ఉన్న కత్తెర అందుకుని, టక్కున రిబ్బన్ కత్తిరించేసింది.

హాలంతా లేచి నిలబడింది. కాలి కోసం కాదు.

"అయ్యో, రిబ్బన్!" అన్నారు సార్. అది మైకులో బాగానే వినిపించింది.

డాప్లర్ పెట్టారు. చప్పుడు లేదు. జెల్ ఇంకాస్త రాశారు. లేదు. మైకువాణ్ణి తిట్టారు. సంగతేమిటో సర్జన్లందరికీ తెలిసిపోయింది, మైకువాడే పాపం వైర్లు పీకి చూస్తున్నాడు.

ముఖ్య అతిథి వచ్చేసరికి అంబదాస్ ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడు. ఖాళీ కుర్చీకి ఇంకో రిబ్బన్ కట్టి కత్తిరింపజేశారు. ఫొటో పేపర్లో వచ్చింది. గడ్డ తీశారు. కాలు దక్కింది, రెండు వేళ్లు దక్కలేదు. మగ్గం దగ్గర నిలబడే పని ఇక కుదరదన్నారు.

నాలుగో రోజు ఫారం పట్టుకుని వార్డుకు వెళ్లాను. సిర మూసుకుపోవడానికి కారణం అని ఒక గడి ఉంది. "పేషెంట్ నిర్లక్ష్యం" అని రాయమన్నారు సార్. సిగ్గుతో చచ్చిపోతూనే పెన్ను మూత తీశాను.

"సారు నారాజ్ అయిండా బిడ్డా?" అని అడిగాడు అంబదాస్. "నాతోని పోగ్రాం ఖరాబైంది."

"నువ్వు సప్పుడు జేయకుండ ఉండు!" అని కసిరింది కమలవ్వ. "గా రిబ్బన్ ఎవలు కట్టిండ్రో గని ఆళ్ల చేతులిరుగ. నువ్వన్న చెప్పు, ఎవలు కట్టిండ్రు?"

అంబదాస్ నా వైపు ఒక్కసారి చూశాడు.

"ఏమో, నేను సూడలే" అన్నాడు.