మొదటి ముద్దాయి పరారీ

కౌంటరు అద్దం వెనక కూర్చున్న గుమాస్తా, మా యార్డులో క్రేను నడిపే అక్క పాత పాస్‌పోర్టు తెరిచాడు. కంప్యూటరు వైపు ఒక్క చూపు చూసి, పుస్తకాన్ని బయటికి తోసేశాడు.

"మీ మీద కేసుంది. కోర్టు అనుమతి తెండి."

"కోర్టులో అర్జీ పెట్టి ఎనిమిది నెలలైందండీ. వాయిదాల మీద వాయిదాలు."

"అయితే అక్కడే అడగండి."

"అయ్యా, మా ఆయన పైదేశంలో ఆసుపత్రిలో పడున్నాడు. పక్షవాతం. మాట పోయింది. ఇంటివాళ్ళొచ్చి తీసుకెళ్ళకపోతే ఇరవై ఒకటో తారీఖున మంచం ఖాళీ చేయిస్తారట. ఇంకా పదకొండు రోజులే ఉంది. నేను తప్ప ఆయనకెవరూ లేరు."

"నేనేం చెయ్యనమ్మా? నా చేతిలో ఉన్నది ఈ స్టాంపొక్కటే. తర్వాత!"

వెనకవాడి కాగితాల మీద స్టాంపు పడింది. ధన్. ధన్. ధన్. మూడు దెబ్బలు. తోడుగా వెళ్ళిన నేను చెవులు మూసుకున్నాను.

మూడు దెబ్బలంటే మా ఓడల యార్డులో ఒకటే అర్థం. ఓడ ట్యాంకులో దిగినవాడు ఇనుప గోడను సుత్తితో మూడుసార్లు కొడితే, నన్ను పైకి లాగండి అని. మూడేళ్ళ క్రితం నాలుగో ట్యాంకులో రంగు వెయ్యడానికి దిగినవాడు అలాగే కొట్టాడు. ఆ ట్యాంకు కప్పు మీద మోకాళ్ళపై కూర్చుని గ్రైండరు తిప్పుతున్నది నేనే. చెవుల్లో దూది. మోకాళ్ళకు అదురు తెలిసింది. పక్కవాళ్ళ పనేమో అనుకున్నాను.

అతన్ని మేం బొద్దింక అనేవాళ్ళం. ఎంత సన్నటి కంతలోంచైనా దూరేవాడు. "నన్ను చంపాలంటే చెప్పు సరిపోదురా" అని తనే నవ్వేవాడు. చంపడానికి చెప్పు అక్కర్లేకపోయింది. గాలి పంపే ఫ్యాను చెడిపోయి నాలుగు రోజులైనా బాగుచేయించలేదు. అంతే, రంగు ఆవిరి సరిపోయింది.

క్రేనుకు తగిలించిన తొట్టిలో అతన్ని పైకి తీసింది అక్కే. చంటిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా నేల మీదికి దింపింది. అప్పటికే పెదాలు నీలంగా మారాయి.

శవాన్ని గేటు దగ్గరికి మోసుకెళ్ళాం. జవాబు చెప్పమన్నాం. లాఠీలు జవాబు చెప్పాయి. పోలీసులు శవాన్ని ఎత్తుకెళ్ళారు. ఎక్కడ కాల్చారో ఈనాటికీ తెలియదు. మా దగ్గర ఎవరూ చావలేదంది యార్డు. హాజరు పట్టీలో అతని పేరుకెదురుగా 'మధ్యాహ్నం చెప్పకుండా వెళ్ళిపోయాడు' అని రాసింది. పోలీసులు అదే పట్టీ ముందు పెట్టుకుని, గేటు మీద దాడి చేశారంటూ నలభై రెండు పేర్లు దింపుకున్నారు. ఆ రోజు అందరికంటే ముందు పనిలోకొచ్చింది బొద్దింక. అందుకే మొదటి ముద్దాయి అతనే అయ్యాడు.

ప్రతి వాయిదాకీ బంట్రోతు గుమ్మంలో నిలబడి ఆ పేరు మూడుసార్లు పిలుస్తాడు. మేం నలభై ఒక్క మందిమీ తలలు వంచుకుంటాం. "మొదటి ముద్దాయి పరారీ" అని రాసుకుంటారు. ఒకడు పారిపోయాడు కాబట్టి మిగతావాళ్ళూ పారిపోతారని సర్కారు లాయరు అడ్డు చెబుతాడు. పాస్‌పోర్టు అర్జీలన్నీ మూలన పడతాయి. చచ్చినవాడు దొరికేదాకా మేం కదలకూడదు.

మరి చచ్చిపోయాడని ఎందుకు చెప్పలేదంటారా? చెప్పలేకపోయాం. మొదటిరోజే మా లాయరు నేర్పాడు: "గేటు దగ్గర ఫొటోలు లేవు. అందరూ ఒకే మాట మీదుండండి. మేం అక్కడ లేమనండి." ఆ మాట మాకు బెయిలు తెచ్చింది. బొద్దింకను మింగేసింది. మోసినవాళ్ళే అక్కడ లేకపోతే శవమెక్కడ ఉంటుంది?

పాస్‌పోర్టు ఆఫీసు మెట్లు దిగుతుంటే హాజరు పట్టీ రాసే యార్డు టైం ఆఫీసరు ఎదురొచ్చాడు. మా కోసమే కాచుకున్నాడు.

"ఏమ్మా, పనవలేదా? నేను చేయిస్తాను. ఆ మధ్యాహ్నం వాడు వెనక గోడ దూకి పారిపోతుంటే క్రేను పైనుంచి చూశానని ఒక్క ముక్క రాసివ్వు. నిన్ను ముద్దాయిల్లోంచి తీసి సాక్షిని చేస్తారు. నాలుగో రోజుకి పాస్‌పోర్టు చేతికొస్తుంది."

"మూడేళ్ళ తర్వాత మీకెందుకు సార్ ఇంత జాలి?" అన్నాను.

"నిన్నడగలేదురా" అంటూ అక్క చేతిలో కాగితం పెట్టి వెళ్ళిపోయాడు.

ఎందుకో మాకు తెలుసు. కొడుకు మరణ ధ్రువపత్రం కోసం బొద్దింక వాళ్ళమ్మ పెట్టుకున్న అర్జీ పైకోర్టు దాకా వెళ్ళింది. యార్డు జవాబు చెప్పుకోవాలి.

ఆ సాయంత్రం సైకిల్ షాపు మీదున్న యూనియన్ గదిలో అందరం కూడాం. అక్క కాగితాన్ని మధ్యలో పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

"సంతకం పెట్టక్కా" అన్నాడు పైపు ఫిట్టరు. "వాడెటూ రాడు. బావైనా రానీ."

"ఒరేయ్, రేపు నిన్నూ అలాగే రాస్తారు. గోడ దూకాడని" అంది రాడ్లు వంచే ఆవిడ.

"నేను దూకలేనులే, నా పొట్ట చూడు!"

ఒకరిద్దరు నవ్వారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నాకు బయట పనొచ్చింది, పోయింది. పాస్‌పోర్టు గడువైపోయింది" అన్నాడు ఫిట్టరు ఈసారి మెల్లగా. "మీలో ఎంతమందికి పోలేదు? ఈ కేసు ఎందుకు తేలదో ఇప్పటికైనా అర్థమైందా? పోవడానికి దారి లేనివాడు ఎంతిస్తే అంతకి పనిచేస్తాడు. మనల్ని జైల్లో పెడితే ఓడలెవరు కడతారు? అందుకని బయటే కట్టేశారు."

అక్క ఫోను మోగింది. అవతల ఆసుపత్రి నర్సు. ఫోను రోగి చెవి దగ్గర పెట్టిందట. గదిలో అందరికీ వినబడింది ఊపిరి. గరగరమంటూ, ఆగి, మళ్ళీ మొదలవుతూ.

"నేనే. వింటున్నావా?" అంది అక్క. "ఏం చెయ్యమంటావ్?"

ఊపిరి తప్ప ఏమీ లేదు. ట్యాంకులో ఆఖరి ఊపిరి కూడా ఇలాగే ఉండిందేమోననిపించింది.

మూలనున్న బొద్దింక వాళ్ళమ్మ లేచింది. క్యాంటీన్లో గిన్నెలు తోమి తోమి ఆమె వేళ్ళు పగిలిపోయాయి.

"పెట్టమ్మా సంతకం" అంది. "నా కొడుకు పారిపోయాడనే రాయి. నీ మనిషి బతికున్నాడు."

"పెద్దమ్మా, అదెలా..."

"ధ్రువపత్రం ఇచ్చే ఆఫీసరడిగాడు, చూసినవాళ్ళెవరైనా ఉన్నారా అని. నా కొడుకుతో కలిసి అన్నం తిన్నవాళ్ళు నలభై ఒక్క మంది ఉన్నారు. ఎవరూ లేరయ్యా అని చెప్పొచ్చాను. మీకు జైలవుతుందని."

నాకు ఇక ఆగలేదు. "వాడు కొట్టాడు పెద్దమ్మా. మూడుసార్లు కొట్టాడు. నా మోకాళ్ళకు తగిలింది. నేను లేవలేదు."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నా తల మీద చెయ్యి వేసి, "ఇది నాకు చెబితే ఏం లాభం నాయనా? రాసుకునేవాడికి చెప్పు" అంది.

పక్కనే కూర్చున్న మా లాయరు కంగారుపడ్డాడు. "అక్కడున్నామని ఒప్పుకుంటే మీ నోటితో మీరే శిక్ష వేసుకున్నట్టు. బెయిలు పోతుంది. నేనైతే ఆ సలహా ఇవ్వను."

"మీరిచ్చిన సలహా మూడేళ్ళు మోశాం కదండీ" అంది రాడ్ల ఆవిడ. "బొద్దింక కన్నా బరువుగా ఉంది."

అక్క కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. సంతకం పెడతావా లేదా అని ఆమెను ఎవరూ అడగలేదు. అడిగే హక్కు మాకెవరికీ లేదు.

మర్నాడే వాయిదా. టైం ఆఫీసరు వెనక బెంచీలో కూర్చుని జేబురుమాలుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. బంట్రోతు మొదటి ముద్దాయిని పిలిచాడు. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి పిలవకముందే అక్క లేచింది. చేతిలో ఆ కాగితం.

"ఇందులో సంతకం పెడితే నాకు పాస్‌పోర్టిస్తారట అయ్యా. ఆయన పారిపోవడం చూశానని రాసుంది. నేను చూడలేదు. చచ్చిపోయుండగా చూశాను. నాలుగో ట్యాంకులోంచి నా క్రేనుతో నేనే పైకి తీశాను."

మేజిస్ట్రేటు తలెత్తాడు. "ఆలోచించి మాట్లాడు. అంటే ఆ రోజు నువ్వు గేటు దగ్గర ఉన్నావా?"

"ఉన్నాను. తలవైపు నేను పట్టుకున్నాను."

సర్కారు లాయరు ఆనందంగా రాసుకున్నాడు. అయినా నేను లేచాను.

"కాళ్ళవైపు నేను. అంతకుముందు ఆయన లోపల్నుంచి కొట్టినప్పుడు పైనున్నదీ నేనే. అది కూడా రాసుకోండి."

"నడుం దగ్గర నేను" అన్నాడు ఫిట్టరు.

"నా చీర కప్పాను" అంది రాడ్ల ఆవిడ.

నలభై ఒక్క మందిమీ లేచాం. ఒక్కో మాట చెబుతుంటే గుమాస్తా కలం ఆగకుండా నడిచింది. మూడేళ్ళుగా ఏ కాగితం మీదా చావని మనిషి ఆ పూట కాగితం మీద చచ్చిపోయాడు. టైం ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకోవడం మరచి బయటికి నడిచాడు.

మేజిస్ట్రేటు కేసు కాగితాల మీద కళ్ళుంచి ఉత్తర్వు చదివాడు. మా వాంగ్మూలాలు పైకోర్టుకు పంపాలి. నేరం ఒప్పుకున్నాం కాబట్టి బెయిలు రద్దు. పాస్‌పోర్టు అర్జీ ఇప్పుడు వినడు. చెప్పి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

అక్క కూలబడలేదు. "పది రోజులుంది ఇంకా" అంది, తనకు తానే చెప్పుకున్నట్టు.

మమ్మల్ని రెండు వ్యాన్లలోకి ఎక్కించేసరికి మధ్యాహ్నం మూడైంది. అప్పటికే పెద్దమ్మ యార్డుకి వెళ్ళి వచ్చింది. ఒంటరిగా రాలేదు. షిఫ్టు షిఫ్టంతా పని వదిలేసి హెల్మెట్లతోనే వచ్చింది. మా తర్వాత చేరినవాళ్ళు, బొద్దింకను ఒక్కసారీ చూడనివాళ్ళు. కోర్టు వాకిలి నిండిపోయింది.

"పరారీలో ఉన్నవాడు దొరికాడు!" అని అరిచింది పెద్దమ్మ. ఆ సన్నటి గొంతులో అంత శబ్దం ఉందని ఎవరం అనుకోలేదు. "మొదటి ముద్దాయి దొరికాడు! ఇక అడ్డేముంది? ఈ ఆడబిడ్డ పాస్‌పోర్టు అర్జీ వినండి!"

"అర్జీ వినండి!" వందల గొంతులు. "అక్కని పంపండి!"

"తప్పుకోండి! చట్టముంది!" ఇన్‌స్పెక్టరు లాఠీ ఊపాడు.

"దాన్నే పని చేయమంటున్నాం సార్" అన్నాడు గుంపులోంచి ఒకడు.

పెద్దమ్మ మా వ్యాను ముందు నేల మీద పడుకుంది. పక్కన ఇంకొకరు. ఆ పక్కన పది మంది. చూస్తుండగానే చక్రాల ముందు నేల కనబడలేదు. మేజిస్ట్రేటు గది కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. అక్క వ్యాను జాలీ పట్టుకుని ఆ కిటికీవైపే చూస్తోంది.

"పోనివ్వు!" అని ఇన్‌స్పెక్టరు డ్రైవరు తలుపు మీద గుద్దాడు. "పోనివ్వరా, నిన్నే!"

డ్రైవరు ముందుకి వంగి రోడ్డు చూశాడు. అద్దంలోంచి అక్కని చూశాడు. ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.