తొండం లేని ఏనుగు

పాలగిన్నె పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగిన లలితమ్మ చూసేసరికి, గోడ మేకుకు వేలాడుతున్న ఏనుగుకు తొండం లేదు.

నిన్న సాయంత్రం ఉంది. ఆఖరి ముడి తన చేత్తోనే బిగించి, పంటితో దారం కొరికి, మేకుకు తగిలించి, కూరగాయల బండి వచ్చిందని బయటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఏనుగు గోడవైపు తిరిగి ఉంది. గాలికి తిరిగిందనుకుని పట్టించుకోలేదు. ఇప్పుడు ఫ్యాను గాలికే ఇటు తిరిగింది. ముఖం బోసిగా ఉంది.

ఏనుగంటే పెద్ద ఏనుగేం కాదు. బూడిదరంగు దారంతో క్రోషే అల్లిన సెల్‌ఫోన్ సంచి. అరచేయి కన్నా కాస్త పొడుగు. అటూ ఇటూ విసనకర్రల్లాంటి చెవులు, కళ్లకు రెండు నల్ల గుండీలు, మెడలో వేసుకోవడానికి గట్టి తాడు. సంచి మూత మీద ముఖం. ఆ ముఖం నుంచి కిందికి దిగే తొండం చివర ఉచ్చును పొట్ట మీది గుండీకి తగిలిస్తేనే మూత పడుతుంది. తొండం లేకపోతే మూత లేనట్టే. వేసుకున్న మనిషి ముందుకు వంగితే ఫోను నేరుగా మగ్గంలోకే పోతుంది.

వేసుకోవలసిన మనిషి, మరమగ్గాల మీద పనిచేసే ఆమె భర్త సాంబయ్య. రేపటి నుంచి వేసుకోవాలి.

లలితమ్మ ఏనుగును మేకు నుంచి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాలు పొంగాయి. ఆమె లేవలేదు.

మూడు వారాల కిందట ఇదే గదిలో, ఇదే పొయ్యి పక్కన ఆమె పడిపోయింది. షుగర్ మాత్ర వేసుకుని తినడం ఆలస్యం చేసింది. కాళ్లూ చేతులూ వణికి, కళ్లు చీకట్లు కమ్మాయి. చిన్న బటన్ల ఫోనులో సాంబయ్య నంబరు ఏడుసార్లు నొక్కింది. ఏడుసార్లూ మోగి మోగి ఆగిపోయింది. కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి మంజులాబెన్ చూసి, నోట్లో చక్కెర పోసి కూర్చోబెట్టకపోతే ఆ రోజు ఏమయ్యేదో.

"సాంచాల సప్పుడుల ఏం ఇనవడ్తది?" అన్నాడు సాంబయ్య ఇంటికొచ్చాక, తల వంచుకుని. సూరత్‌లోని పాండేసరాలో మరమగ్గాల కార్ఖానాలో పని అతనిది. ఆ మగ్గాలనే సాంచాలంటారు అక్కడివాళ్లు. ముప్పై ఏళ్లుగా వాటి మధ్యే నిలబడి పనిచేస్తున్నాడు. వినిపించకపోవడంలో వింతేముంది? జేబులో ఫోను అదిరినా తెలియదట. అక్కడ నేలే అదురుతుంది, కాళ్లే అదురుతాయి.

అందుకే మంజులాబెన్ ఉపాయం చెప్పింది. ఫోను జేబులో కాదు, మెడలో ఉండాలి. గుండె మీద అదిరితే తెలియకుండా ఎలా ఉంటుంది? వాళ్లుండే వడోద్‌లో పిల్లల కోసం క్రోషే బొమ్మలు అల్లిపెట్టడంలో మంజులాబెన్‌ది అందె వేసిన చెయ్యి. నేర్పుతానంది. కాకపోతే ఆమెకు వచ్చిన సంచులు నాలుగే: పిల్లి, కుందేలు, గుడ్లగూబ, ఏనుగు. మగమనిషి మెడలో పిల్లి ఏం బాగుంటుంది? కుందేలంటే కార్ఖానా అంతా నవ్వుతుంది. గుడ్లగూబను లలితమ్మ గడప లోపలికే రానివ్వదు. మిగిలింది ఏనుగు.

పదహారు రోజులు అల్లింది. చెవులు మూడుసార్లు విప్పి అల్లింది. ఇదిగో, ఇప్పుడిలా.

ఏడవడం వల్ల పని కాదని ఆమెకు తెలుసు. కళ్లజోడు పెట్టుకుని ఏనుగును వెలుతురులోకి తెచ్చింది. ముఖం దగ్గర వేలితో తడిమింది. కత్తెర పడలేదు. ఎవరో కొస ముడి ఓపికగా సడలించి, దారం లాగి, కుట్టు తర్వాత కుట్టు విప్పుకుంటూ వచ్చారు. సరిగ్గా ముఖం దాకా వచ్చి ఆగారు. ఆగడమే కాదు, ఆఖరి కుట్టు జారిపోయి ముఖం కూడా విడిపోకుండా చిన్న ముడి వేశారు.

పాడుచేసినవాడే కాపాడాడు. 

ఏనుగును పట్టుకుని పక్కింటికి నడిచింది. మంజులాబెన్ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"అరే, లలితాబెన్! హాథీ కా నాక్ కహా గయా?" ఏనుగు ముక్కు ఎటు పోయిందని అడిగింది.

"నాకేం ఎరుక? ఎలుక కొరికిందేమో అనుకున్న."

మంజులాబెన్ ముడిని గోటితో గీకి చూసి నవ్వింది. "ఉందర్ గాంఠ్ నహీ మార్తా, బెన్."

ఎలుక ముడి వెయ్యదు. నిజమే. ఆ ముడి కూడా మంజులాబెన్ వేసే ముడి కాదు. ఆమె వేసే ముడి శనగగింజంత లావుంటుంది. ఇది ఆవగింజంత.

ఇక మిగిలింది సోమలింగం.

సోమలింగం సాంబయ్య పక్క సాంచా మీద పనిచేస్తాడు, ఇదే గల్లీలో చివరి గదిలో ఉంటాడు. నిన్న ఆమె కూరగాయల బండికి వెళ్లినప్పుడు ఈ ఇంట్లోనే ఉన్నాడు. సాంబయ్యతో కూర్చుని టీవీ చూస్తున్నాడు. ఏనుగును చూసి, "వదినె, మా అన్నను నర్సరీల ఏస్తున్నవా ఏంది? డబ్బాల చపాతీ పెట్టి, మూతి తుడిసి పంపు!" అని పగలబడి నవ్వినవాడూ అతనే. వేళాకోళం మనిషి. ఇలాంటి పని చేయగలడు.

లలితమ్మ గదిలోకి వచ్చి, కొత్త తొండానికి దారం మిగిలిందేమో చూద్దామని బిస్కెట్ల డబ్బా తెరిచింది. దారాలన్నీ అందులోనే ఉంటాయి. మూత తీసి అలాగే ఉండిపోయింది.

పైనే ఉంది. తొండం దారం. అంతా ఉంది. ఒక ఊదుబత్తి పుల్ల మీద చుట్టి ఉంది.

ఉండలా చుట్టలేదు. నేతగాళ్లు మగ్గానికి చుట్టే కండెలా చుట్టారు. నడుమ లావుగా, రెండు కొసలకూ సన్నబడుతూ, పోగు మీద పోగు ఏటవాలుగా, బిగుతుగా, ఎక్కడా ఎత్తుపల్లాలు లేకుండా. మగ్గం మీద పోగును మోసుకుంటూ అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టుకోవడానికి ఇంకా పనికొచ్చేలా.

సొంతూళ్లో తండ్రి మగ్గం పక్కన కూర్చుని చిన్నప్పుడు ఆమె చుట్టిన కండెలు వేలల్లో ఉంటాయి. మగ్గమున్న ఇంట్లో పుట్టినవాళ్లు దారాన్ని పారెయ్యలేరు, నలిపెయ్యలేరు. చేతులు ఒప్పుకోవు. దొంగ చేతులు కూడా ఒప్పుకోలేదు.

"వదినె, చాయ్ ఉందా?" గుమ్మంలో సోమలింగం. ఆదివారం, సాంచాలకు సెలవు. తలకు నూనె రాసుకుని హుషారుగా ఉన్నాడు. "అన్న ఏడి?"

"పాపడీ తెస్తనని పోయిండు. కూసో. చాయ్ పెడ్త గని, ముందు నాకో పని చేసి పెట్టు. ఈ దారం జర సుట్టు."

ఎర్రదారం చిక్కు ఒకటి, ఒక పుల్ల ఇచ్చింది. సోమలింగం పుల్లను పక్కన పడేశాడు. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య అడ్డంగా, గబగబా, ఎనిమిది అంకెలా చుట్టడం మొదలుపెట్టాడు.

"గదేం సుట్టుడయ్యా?"

"ఏం, గిట్లనే గద! ఉత్తరాయణానికి పతంగుల మాంజా మేడ మీద గిట్లనే సుడ్తం. తెగిన మాంజా గుంజుకున్నమంటే మా అసుంటోడు సూరత్ల లేడు."

"కండె సుట్టరాదా నీకు?"

"నేను మగ్గమున్న ఇంట్ల పుట్టిన్నా వదినె? మాది ఎవుసం. సాంచా మీద బాబిన్ ఎక్కిస్త, దించుత, అంతే." అప్పుడు అతని కన్ను ఏనుగు మీద పడింది. "ఓరి! తొండమేది? నా మీదనా నీ అనుమానం? నీ మీద ఒట్టు వదినె, నేను ముట్టలే. నువ్వటు పోంగనే అన్న నన్ను లెవ్వమన్నడు. నిద్రొస్తుంది, నువ్వు పో అన్నడు. ఆరు గూడ కాలే, గప్పుడేం నిద్ర?"

లలితమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లి చాయ్ కాచింది. చాయ్ గ్లాసు అతని చేతికిచ్చింది. తాగి వెళ్లిపోయాడు.

ఈ గల్లీలో కండె చుట్టగలిగేవాళ్లు ఇద్దరే. ఒకరు తను. ఇంకొకరు తనలాగే మగ్గమున్న ఇంట్లో పుట్టిన సాంబయ్య.

కానీ ఎందుకు? సిగ్గయితే, వేసుకోనని ముఖం మీదే చెప్పేవాడు. సోమలింగం నవ్వినప్పుడు సాంబయ్య కూడా నవ్వాడు. అలాంటి మనిషి, భార్య ప్రాణం కోసం అల్లిన సంచిని దొంగలా విప్పుతాడా? ఆ రోజు వినిపించలేదన్న మాట నిజమైతే, గుండె మీద ఫోను పెట్టుకోవడానికి ఎవరికైనా సంతోషంగా ఉండాలి కదా.

సాంబయ్య వచ్చాడు. పాపడీ చిక్కుళ్ల సంచి తెచ్చి, పళ్లెం అడిగి తీసుకుని, గుమ్మంలో వెలుతురుకు కూర్చుని, ఆమెకు వీపు పెట్టి, కాయలు వొలవడం మొదలుపెట్టాడు. లలితమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఆ వీపునే చూసింది.

"ఏమయ్యా," అంది.

వేళ్లు కాయ వొలుస్తున్నాయి.

"ఏమయ్యా, ఏనుగు తొండం నువ్వే ఇప్పినవ్ గదా."

కాయ పళ్లెంలో పడింది. ఇంకో కాయ తీసుకున్నాడు.

కోపం ముంచుకొచ్చింది ఆమెకు. ఈ ఏడాది నుంచీ ఇంతే. వెనక నుంచి పిలిస్తే పలకడు. వయసు మీద పడ్డాక పొగరెక్కిందనుకుని ఎన్నిసార్లు తిట్టుకుందో. ఇంకో అడుగు ముందుకు వేసి, గొంతు మార్చకుండా అంది: "నూనెకు మంట అంటుకున్నది. నా చీర కాలుతున్నది."

సాంబయ్య పుచ్చు పట్టిన చిక్కుడు కాయను వెలుతురుకేసి చూసి, పక్కన పడేశాడు.

 లలితమ్మ కోపం ఎటు పోయిందో పోయింది.

ముఖాముఖి మాట్లాడితే ఏ మాటకూ తడుముకోడు. సాంచాల మధ్య ముప్పై ఏళ్లు పనిచేసినవాళ్లకు పెదాలు చూసి మాట పట్టుకోవడం కొత్త కాదు. ఆ హోరులో అందరూ పెదాలతోనే, చేతులతోనే మాట్లాడుకుంటారు. ఈ ఏడాదిగా, తను మాట్లాడినంతసేపూ మొగుడు తన ముఖాన్నే రెప్పవేయకుండా చూస్తున్నాడు. ఇన్నేళ్లకు ఇంత ముచ్చట కలిగిందా ఈయనకని లోలోపల మురిసిపోయింది కూడా.

ఫోనులో పెదాలుండవు.

ఆమె వెళ్లి అతని ఎదురుగా గడప మీద కూర్చుంది. చిక్కుళ్ల పళ్లెం పక్కకు జరిపింది. అతని అరచేతిలో ముందు ఏనుగును పెట్టింది. దాని మీద కండెను పెట్టింది. పెదాలు స్పష్టంగా కదుపుతూ, నెమ్మదిగా అడిగింది.

"కండె మంచిగ సుట్టినవ్. ఎప్పటిసంది ఇనవడ్తలేదు?"

సాంబయ్య కండెను బొటనవేలితో నిమిరాడు. గల్లీ అటు చివర చూశాడు, ఇటు చివర చూశాడు.  తన గొంతు తనకే సరిగా వినబడనివాళ్లలా కాస్త పెద్దగానే మాట్లాడాడు.

"నేనే ఇప్పిన. సోమలింగాన్ని ఏమనకు. కుడి చెవి పోయి రెండేండ్లాయె. ఎడమది పోయిన దసరా సంది తగ్గుకుంట వచ్చింది. పోగు తెగితే సాంచా సప్పుడు మారుతది, గది కూడా ఇనవడ్తలేదు. చెయ్యి ఆనిచ్చి అదురు సూసుకుంట నడిపిస్తున్న. నీతోని చెప్తే నువ్వు వాపస్ పోదామంటవ్, సేఠ్‌కు తెలిస్తే ఇంటికాడ కూసోమంటడు. గందుకే చెప్పలే. ఇంకోటి గూడ చెప్త, తిట్టుకుంటే తిట్టుకో. ఆ దినం నువ్వు ఏడుసార్లు చేసినవ్. ఏడింట్ల రెండు నాకు ఎరుకైనయ్. తీసి సూసిన. నీ పేరే. ఎత్తితే నాకేమినవడ్తది లలితా? ఉల్లిగడ్డలు తెమ్మంటున్నవేమో, ఇంటికి పోయినంక అడుగుదమని మళ్ల జేబుల ఏసుకున్న. నువ్వు గీడ కింద పడి ఉన్నవ్, నేను గాడ ఫోన్ జేబుల ఏసుకున్న. ఇంటికొచ్చి సాంచాల సప్పుడు అని అబద్ధమాడిన. గీ సంచి మెడలేసుకుంటే ఇగ ఆ అబద్ధం నడవదు. ప్రతిసారి ఎరుకైతది, ప్రతిసారి ఎత్తాలె. నిన్న నువ్వు బయటికి పోంగనే సోమలింగాన్ని ఎల్లగొట్టి ఇప్పిన.  పారేద్దమని బయటిదాక పోయిన గని, నీ చేతి దారం పారెయ్య మనసు రాలే. ఇగ చెప్పిన. ఇప్పుడు నా మాట జర ఇను. తొండం మళ్ల అల్లు, నేను ఏసుకుంట, ఎవలు నవ్వినా ఏసుకుంట. నువ్వు ఉల్లిగడ్డలకు చెయ్యకు, దేనికీ చెయ్యకు. పానం బాగలేకపోతెనే చెయ్యి. నేను ఎత్తను, మాట్లాడను, సాంచా బంద్ చేసి ఉరికొస్త. గని లలితా, గా చెవులు మటుకు జర చిన్నగ చెయ్యి. నిన్నటిసంది సూస్తున్న, అంతంత చెవులేసుకొని నన్నే ఎక్కిరిస్తున్నది గా ఏనుగు."