గోరు ఆగిన చోటు

ఉలి పదును బొటనవేలి మీద చూసుకుని, అంచుల అక్క తెల్లపట్టీ కొసను ఏటవాలుగా కోసింది. గిటారు చెక్క చుట్టూ అంచుపట్టీ అతికించడం ఆమె పని. వంపులదేముంది, వేడి చూపిస్తే పట్టీ చెప్పిన మాట వింటుంది. తంటా అంతా మెడ పక్కన చెక్క కోసుగా తిరిగే మూల దగ్గరే. రెండు పట్టీల ఏటవాలు కొసలు అక్కడ సందు లేకుండా కూర్చోవాలి, వాటి అంచున ఉండే సన్నటి నల్లగీతలు ఒకదానికొకటి సరిగ్గా కలవాలి. వెంట్రుకవాసి ఎక్కువ తెగిందా, పట్టీ దండగ. అందుకే ఆమె కాస్త పొడుగ్గా కోసుకుని, ఆకురాయితో రుద్దుతూ, పెట్టి చూస్తూ, మళ్ళీ రుద్దుతూ కూర్చునేది.

ఈ పని నేర్పింది మొగుడే. చూపు మందగించి ఆయన బల్ల వదిలేస్తే, ఆ బల్ల ముందు ఆమె కూర్చుంది. వర్క్‌షాపులో ఆయన్ని గోరు మాస్టారనేవాళ్ళు. అతుకు మీద కళ్ళు పెట్టేవాడు కాదు, బొటనవేలి గోరు గీసి చూసేవాడు. గోరు ఆగిందంటే అతుకు కుదరనట్టే, అక్కడే నొక్కి గాటు పెట్టేవాడు. మంచం పట్టినా ఆ బుద్ధి పోలేదు. ఆమె రోజూ ఒక మెత్తని చెక్కముక్క మీద మూల అతికించి పట్టుకెళ్ళాలి, ఆయన గాటు పెట్టాలి. గాటు పడ్డ ముక్కలతో కిటికీ గట్టు నిండిపోయింది.

కాపురం చేసినన్నాళ్ళూ ఆ నోట "బాగుంది" అన్న మాట ఊడిపడలేదు, కూర సంగతైనా సరే. ఆ ఒక్క మాట కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయేది. డాక్టరు పెదవి విరిచినప్పటినుంచీ మరీను.

ఆ రోజు మూల కుదిరింది. పాలిష్ పెట్టే అతను చెక్కముక్కను అటూ ఇటూ తిప్పాడు.

"అతుకేదక్కా? మింగేశావా?"

"నీ కళ్ళదేముందిలే. ఆయన గోరు ఒప్పుకోవాలి" అంది, లోపల పొంగిపోతూనే.

ఇంటికెళ్ళేసరికి ఆయన దిండుకు ఆనుకుని ఆయాసపడుతున్నాడు.

"తెచ్చావా?"

"ఇవాళ గాటు పెట్టారో, ఊరుకోను. మీకు గోరంత కూడా కొండంతే!"

"గోరంతే కదే నేను చూసేది" అని నవ్వబోయి దగ్గాడు. "ఇటివ్వు. నువ్వెళ్ళి టీ పెట్టు. ఎదురుగా నిలబడితే నాకు చూడబుద్ధి కాదు."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళు మరుగుతుంటే ఉండబట్టలేక అరిచింది.

"ఏమండీ, ఆగిందా?"

అతుకు దొరక్క ఇంకా తడుముకుంటున్నాడులే అని నవ్వుకుంది.

గ్లాసుతో వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముక్క గుండెల మీద ఉంది. బొటనవేలి గోరు సరిగ్గా అతుకు మీద ఆగి ఉంది. ఆమెకు ముందు ఉక్రోషమే వచ్చింది.

"ఇవాళ కూడానా!" అంటూ భుజం కదిపింది. తల పక్కకు వాలిపోయింది.

"ఒక్క మాట చెప్పి పోతే మీ సొమ్మేం పోయేదయ్యా!" అని మంచంకోడు పట్టుకుని భోరుమంది.

ఇరుగుపొరుగు చేరేలోపు ఆ వేళ్ళ మధ్య నుంచి ముక్కను మెల్లగా తీసింది. వెలుతురుకు పెట్టి చూసింది. తన గోరు గీసి చూసుకుంది. ఆకురాయికి అరిగిపోయిన గోరు, ఏమీ తెలియలేదు. ఆయన గోరు అతుక్కి తగిలి ఆగిందో, ప్రాణం పోయి ఆగిందో ఇక ఎవరిని అడగాలి?

కిటికీ గట్టు మీద, గాట్లు పడ్డ ముక్కల పక్కన, ఏ గాటూ లేని ఆ ఒక్క మూల ఉండిపోయింది.