ఫిల్ము రుచి

అలెగ్జాండ్రియాలో పెళ్లి ఊరేగింపు హాలుకు వెళ్లే దారిలో ఫొటో స్టూడియో దగ్గర ఆగుతుంది. అత్తారీన్ వీధిలో అలా ఆగే స్టూడియో ఒకటి షౌకీది, అతని చెల్లెలు నగ్వాది. తండ్రి ఇద్దరికీ చెరిసగం రాసి పోయాడు. ముందుగదిలో నగ్వా డిజిటల్ కెమెరాతో పెళ్లిజంటల్ని తీస్తుంది. వెనక చీకటిగదిలో షౌకీ ఫిల్ము కడుగుతాడు. ఇప్పుడు ఫిల్ము తెచ్చేవాళ్లు తక్కువ. వాళ్లలోనూ సగంమంది కాఫీకొట్టు స్నేహితులే.

ఆ వేసవిలో ఒక పెళ్లికూతురు గౌను సర్దుకోవడానికి చోటు లేక చీకటిగదిలోకి వెళ్లింది. బయటికి రాగానే, ఆమె గౌనుకి పట్టిన మందుల పుల్లటి వాసనకి పెళ్లికొడుకు ముక్కు ఎగబీల్చి, ఇవాళ కూడా ఊరగాయ తిన్నావా అని అడిగాడు. కాటుక చెంపల మీదికి దిగేదాకా ఆమె ఏడ్చింది. మర్నాడు నగ్వా ఆ గది పెళ్లికూతుళ్లకి కావాలంది.

షౌకీ కుదరదన్నాడు. ఫిల్ముకి ప్రాణం ఉంటుందని, డిజిటల్ ఫొటో అంటే శవానికి పౌడరు రాయడమేనని అతను ఏళ్ల తరబడి కాఫీకొట్టులో చెబుతున్నదే మళ్లీ చెప్పాడు. తేడా తనకి కళ్లు మూసుకున్నా తెలుస్తుందన్నాడు.

"కళ్లు తెరుచుకునే చూడు అన్నయ్యా," అంది నగ్వా. "చెప్పగలిగితే గది నీది, నేను మళ్లీ ఆ ఊసెత్తను. చెప్పలేకపోతే తాళంచెవి నాకిచ్చెయ్."

ఈ మాట బర్సూమ్ ముందు అంది. బర్సూమ్ రేవులో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అతని చెవిన పడ్డది సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. షౌకీకి సరేననక తప్పలేదు.

నగ్వా మేనమామ మనవరాలిని గౌనుతో కూర్చోబెట్టి, అదే కుర్చీలో, అదే వెలుగులో అన్నయ్య కెమెరాతో రెండు, తన కెమెరాతో రెండు ఫొటోలు తీసింది. మన్షియాలోని ఒక ల్యాబులో నలుపు తెలుపులో అచ్చు వేయించింది. శుక్రవారం కాఫీకొట్టులో బల్ల తుడిపించి, నాలుగూ పరిచింది.

షౌకీ ఒక్కొక్కటే గుమ్మం దాకా తీసుకెళ్లి చూశాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. నాలుగింటిలోనూ మేనమామ మనవరాలే కనిపించింది.

చీకటిగదిలో పనిచేసేవాళ్లకి ఒక అలవాటుంది. కాగితానికి మందుపూత ఎటువైపు ఉందో చీకట్లో కనిపించదు కాబట్టి మూలని తడి పెదవికి ఆనిస్తారు. పూత ఉన్నవైపు అంటుకుంటుంది. డిజిటల్ ఫొటో అంటే సిరా చిమ్మిన కాగితమే కదా, దానికి పూత ఎక్కడిదనుకున్నాడు షౌకీ. వాసన చూస్తున్నట్టు ఒక ఫొటో ముఖం దగ్గరికి తెచ్చి మూలకి నాలుక తగిలించాడు. అంటుకుంది. రెండోది తీశాడు.

"పిల్లని నాకుతున్నావేంట్రా షౌకీ?" అన్నాడు బర్సూమ్. "పెళ్లికొడుకు చూస్తే బాగోదు."

నాలుగూ అంటుకున్నాయి. షౌకీ వాటిని బల్లమీద పెట్టి, నాలుగూ ఫిల్మేనని, చెల్లెలు మోసం చెయ్యబోయిందని ప్రకటించాడు.

"రెండు నా కెమెరావే," అంది నగ్వా. ల్యాబు మిషన్ దేన్నయినా ఒకే పూతకాగితం మీద వెలుగుతోనే అచ్చువేసి, ఒకే మందులో కడుగుతుందని వివరించింది. "నీ నాలుక అబద్ధం చెప్పలేదు. అది కాగితం గురించి చెప్పింది, అంతే."

ఏ రెండని అడిగాడు షౌకీ. ఆమె ఫిల్మువి ఎడంవైపు, డిజిటల్‌వి కుడివైపు జరిపింది.

అప్పుడు అతనికి కనిపించింది. బర్సూమ్‌ని భుజం పట్టి వంచి మరీ చూపించాడు. ఎడంవైపు మెడ కింద నీడ ఎలా కరిగిందో, ముత్యాలు ఎలా ఊపిరి తీసుకుంటున్నాయో చెప్పాడు. కుడివైపు పిల్లకి రక్తమే లేదు, చేపల బజారులో ఐసు మీద పడుకోబెట్టిన బూరీ చేపలా ఉందన్నాడు. పక్కబల్లవాళ్లు పాచికలాట ఆపి వచ్చి చూశారు. నిజమేనన్నారు.

నగ్వా అడ్డుపడలేదు. కాఫీ మడ్డి దాకా తాగి, కప్పు పక్కన పెట్టి, ఫొటోల్ని బోర్లా తిప్పింది. వెనక పెన్సిలుతో తన చేతిరాత ఉంది: ఎడంవైపువాటి మీద డిజిటల్ అని, కుడివైపువాటి మీద ఫిల్ము అని.

"తారుమారు చేసి చెప్పాను అన్నయ్యా. కావాలనే."

ముందు బర్సూమ్ నవ్వాడు, తర్వాత అందరూ. పక్కబల్లవాళ్లు తాము నిజమేనన్న సంగతి మర్చిపోయి నవ్వారు. షౌకీ ఫొటోల్ని మళ్లీ తిరగేసి కుడివైపు వాటిని చూశాడు. చూస్తుండగానే వాటికి ప్రాణం రావడం మొదలైంది. మెడ కింద నీడ కరిగింది. ముత్యాలు ఊపిరి తీసుకున్నాయి. అతను నవ్వినవాళ్లని తట్టుకునేవాడే. తట్టుకోలేకపోయింది ఆ ముత్యాలని.

జేబులోంచి తాళాలగుత్తి తీసి, చీకటిగది తాళంచెవిని గోటితో విడదీసి, చెల్లెలి ముందు పెట్టాడు.

"ఆ గదికి ఒక కిటికీ ఉంది, నీకు తెలీదు," అన్నాడు. "నువ్వు పుట్టకముందే నాన్న చెక్కలు కొట్టి మూసేశాడు. అద్దం దానికెదురుగా పెట్టు, వెలుగు మొహమ్మీద పడుతుంది. చెక్కలు నేనొచ్చి పీకుతాను. మేకులు తుప్పుపట్టుంటాయి, నువ్వు చెయ్యిపెట్టకు."