వండూర్ అల ఎత్తుకుపోయిన చెప్పులు

పుష్పవతికి దేవప్రసాద్‌తో పెళ్లయి ఏడాది కావస్తోంది. ఇంతవరకూ ఆమె కూతురు సారా దేవప్రసాద్‌ను ఏమనీ పిలవలేదు. ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, "అమ్మా, ఆయనకి ఇంకొంచెం అన్నం కావాలేమో అడుగు" అంటుంది. పదేళ్ల పిల్ల. కన్నతండ్రి పోయేనాటికి దానికి ఊహ తెలియదు. మంచి పిల్లే, చెప్పిన మాట వింటుంది, పెట్టింది తింటుంది. ఆ పిలుపొక్కటే నోటికి రాదు. దేవప్రసాద్ కూడా ఏనాడూ అడగలేదు. అడిగి పిలిపించుకుంటే అదేం పిలుపు? లోపల మాత్రం 'నాన్నా' అనే ఆ ఒక్క మాట కోసం మొహం వాచిపోయి ఉన్నాడు.

అందుకే ఈ ప్రయాణం. బడిలో చరిత్ర చెప్పుకునే మనిషికి, పిల్లను మచ్చిక చేసుకోవాలంటే పాత గోడలు చూపించడం తప్ప ఇంకేం తోస్తుంది! స్నేహితుడు సత్యారావును అడిగి జీపు తెచ్చాడు. టార్పాలిన్, గిన్నెలు, కిరసనాయిలు స్టవ్వు సర్ది, భార్య పుష్పవతినీ సారానూ ఎక్కించుకుని తాము ఉండే డైరీ ఫార్మ్ పేట నుంచి పొద్దున్నే బయల్దేరాడు. యుద్ధకాలంలో ఈ దీవిని ఆక్రమించిన జపానువాళ్లు సముద్రం పక్కన కట్టిన బంకర్లు చూపించాడు. చాతం రేవులో జీపును ఫెర్రీ ఎక్కించి, అవతలి ఒడ్డున కొండమీద తెల్లదొరల బంగళా పునాదులు చూపించాడు. ప్రతి రాయి దగ్గరా పాఠమే. నోరు నొప్పి పుట్టేదాకా చెప్పాడు పాపం. పిల్ల అంతా బుద్ధిగా విని, చివరికి తల్లి కొంగు లాగి, "అమ్మా, ఆయన్ని అడుగు, తినడానికి ఎక్కడ ఆగుతాం?" అంది. పుష్పవతి నవ్వు ఆపుకుంది. దేవప్రసాద్ ప్రాణం ఉసూరుమంది.

సాయంత్రానికి చుట్టూ తిరిగి వండూర్ సముద్రతీరం చేరారు. రాత్రికి ఒడ్డునే డేరా వేసుకుని పడుకోవాలని ఆలోచన. పుష్పవతి బిందె పట్టుకుని నీళ్లకోసం ఊళ్లోకి వెళ్లింది. దేవప్రసాద్ చెప్పులు ఇసుకలో విడిచి, టార్పాలిన్ తాడు చెట్టుకు కడుతున్నాడు. సముద్రం పోటుమీద ఉందన్న సంగతి చరిత్ర మేష్టారికి తట్టలేదు. ఒక అల వచ్చి చెప్పులు రెండూ ఎత్తుకుపోయింది.

గవ్వలు ఏరుకుంటున్న సారా చూసింది. కబురు చెప్పించడానికి అమ్మ దగ్గర లేదు.

"నాన్నా! చెప్పులు!"

దేవప్రసాద్ చేతిలోంచి తాడు జారింది. సగం కట్టిన డేరా కుప్పకూలింది. ఇక చెప్పులు ఎక్కడికి పోతే ఆయనకేం? విన్నది నిజమేనా అని పిల్ల మొహంలోకి చూశాడు. అది తలదించుకుని కాలివేలితో ఇసుకలో గీతలు గీస్తోంది. కంగారులో నోరు జారిందేమో, ఇక మళ్లీ అనదేమో అని ఆయన గుండె పీచుపీచుమంది.

ఈలోగా పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాయన నీళ్లలోకి దిగి చెప్పులు పట్టుకొచ్చాడు. రాంచీ నుంచి వచ్చి స్థిరపడినవాడు, తెలుగు ముక్క రాదు. పిల్ల కేక విన్నాడు, దేవప్రసాద్ నెరిసిన జుట్టు చూశాడు. హిందీలో నానా అంటే అమ్మకు తండ్రి, తాత. సారా చేతికి చెప్పులిచ్చి, "లే బేటీ, తేరే నానాజీ కీ చప్పల్" అన్నాడు.

ఏడాది ఎదురుచూసి విన్న మాట కాస్తా తాత అయి కూర్చుంది. అయినా దేవప్రసాద్ పోనీలే అని తలూపబోయాడు. తను ఊపేస్తే పిల్లకు ఇబ్బంది తప్పుతుంది కదా.

సారా ఊపనివ్వలేదు.

"చాచా, నానా నహీ. నాన్న. నాన్న అంటే పాపా. యే మేరే పాపా హై."

ముసలాయన నాలిక్కరుచుకుని నవ్వేశాడు. దేవప్రసాద్ నవ్వలేకపోయాడు. పిల్ల తెచ్చి కాళ్ల దగ్గర పెట్టిన చెప్పుల్లో కుడిది ఎడమకాలికీ ఎడమది కుడికాలికీ వేసుకుని, అలాగే నిలబడిపోయాడు.

పుష్పవతి బిందెతో తిరిగొచ్చి, కూలిన డేరానూ కళ్లు తుడుచుకుంటున్న మొగుణ్నీ చూసి ఏమైందని అడిగింది. సారా ఎప్పట్లాగే తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, నాన్నకి చెప్పు, ఇంటికెళ్లాక జుట్టుకి రంగేసుకోమని."