జర్మనీ నర్సు

మా చర్చి కుమారి ఆంటీ మందు సీసా, సూది తెచ్చి నా ముందు పెట్టి, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని కూర్చుంది. "బలం ఇంజక్షనమ్మా. పొడిచెయ్. జర్మనీ చెయ్యి, నొప్పే తెలీదు" అంది.

నేను గోంగూర తుంచుతున్నాను. తుంచడం ఆపి మా ఆయన కరుణాకర్ వంక చూశాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, దాని వెనక నుంచే, సెలవులో ఉన్నప్పుడు డ్యూటీ చెయ్యకూడదండి, అక్కడి రూల్సు అలాంటివి అన్నాడు. తడుముకోలేదు. బాపట్లలో గుమస్తాగా చేరబట్టి గానీ, స్టేజీ ఎక్కాల్సిన మనిషి.

నేను నర్సును కాను. జర్మనీలో ఒక నాటకశాలలో లైట్లు వేస్తాను. నిచ్చెనెక్కి దీపాలు బిగించడం, నాటకం నడిచేటప్పుడు ఏ మాట దగ్గర ఎవరి మొహం మీద ఎంత వెలుగు పడాలో చూసుకోవడం నా పని. రేపల్లెలో మా బర్నబాస్ బాబాయి నాటకాల పందిళ్ళకు లైట్లు కట్టేవాడు. నేను కింద నిచ్చెన పట్టుకునేదాన్ని. ఆయన మోకాళ్ళు మొరాయించాక నేనే ఎక్కాను. వడ్లమూడిలో ఒక ఉత్సవానికి వచ్చిన జర్మనీ నాటకం వాళ్ళు నా పని చూసి రమ్మన్నారు. జర్మనీ అనగానే మా ఆయన చర్చి నిండా చెప్పుకున్నాడు. ఏం ఉద్యోగమని పాస్టరు గారు అడిగేసరికి మాత్రం నోరు పెగల్లేదు. పెళ్ళాన్ని షామియానా పనికి పంపాడంటారని భయం. అందుకని నర్సు అన్నాడు. మా అత్తగారి పేరు ఫ్లోరెన్స్, చరిత్రలో దీపం పట్టుకుని తిరిగిన నర్సమ్మ పేరే. పేరు ఆవిడది, ఉద్యోగం నాది.

అక్కడికెళ్ళిన కొత్తలో ఒక తెలివితక్కువ పని చేశాను. ఆ దేశపు నాటకశాలలో అందరూ వెళ్ళిపోయాక కూడా స్టేజీ మధ్యలో కర్రకి ఒక దీపం వెలుగుతూనే ఉంటుంది. అందరికన్నా ఆఖర్న బయటికొస్తూ దాన్ని చూశాను. ఎవడి సొమ్మని వెలుగుతోందే, ఆర్పు అని మా అత్తగారు చెవిలో అరిచినట్టయింది. ఆర్పేశాను. పొదుపు చేశానని గొప్పగా కూడా అనుకున్నాను. మర్నాడు పొద్దున్న ముందుగా వచ్చిన నాటకశాల పెద్దాయన చీకట్లో స్టేజీ అంచు కనపడక తూలిపడి, మోకాలు చెక్కుకున్నాడు. అలా ఎవరూ పడకూడదనే ఆ దీపం ఉంచేది. ఇక నన్ను ఇంటికి పంపేస్తారనుకున్నాను. ఆయన మోకాలికి గుడ్డ కట్టుకుంటూ, నీకెవరూ చెప్పలేదా, అయితే తప్పు మాదే అన్నాడు. నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. గండం గడిచిందని కాదు, కోపమొచ్చి. మా ఇంట్లో పప్పు మాడితే తప్పు నాది. గ్యాసు అయిపోతే నాది. మా ఆయనకి బాపట్ల రైలు తప్పిపోతే అదీ నాదే. తప్పు మాది అనే మాట ఒక్కసారి వినడానికి నేను సముద్రాలు దాటాల్సొచ్చింది.

ఇప్పుడు మా అత్తగారు బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేశారు. సెలవు పెట్టి తెనాలి వచ్చాను. తిప్పడం, తుడవడం, దొడ్డికి పాన్ పెట్టడం అన్నీ నేనే. ఆవిడ నొప్పి చూస్తే జాలేస్తుంది, చెయ్యనని ఎప్పుడూ అనలేదు. కానీ గురువారం నా ప్రయాణం. కొత్త నాటకానికి లైట్లన్నీ మొదటిసారి నావి, నేను ఊహించినవి. అందుకే ఆవిడను చూసుకోవడానికి జంపని నుంచి ఒక మనిషిని మాట్లాడి తెచ్చాను. మా ఆయన ఆమెను గుమ్మంలోంచే పంపేశాడు. నర్సు కోడలుండగా డబ్బిచ్చి మనిషిని పెడితే నలుగురూ నవ్వరా అన్నాడు. నువ్వు చేస్తే వేరు, నీకు అలవాటే కదా అని కూడా అన్నాడు. అబద్ధం పుట్టించిందీ ఆయనే, అందరికన్నా గట్టిగా నమ్మిందీ ఆయనే.

బాబాయికి ఫోన్ చేసి ఏడిస్తే, "ఊరుకో అమ్మాయ్. ఇంకా నయం, డాక్టరని చెప్పలేదు. మీ అత్త తుంటి కూడా నీచేతే కోయించేవాడు" అన్నాడు. నవ్వాను. నవ్వు ఆగాక కోపం రెండింతలైంది.

ఆదివారం సాయంత్రం స్త్రీల సమాజం వాళ్ళు మా అత్తగారి కోసం ప్రార్థన పెట్టుకోవడానికి వచ్చారు. కుమారి ఆంటీ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. "ప్రభువా, ఈ బిడ్డ పరదేశపు ఉద్యోగం మానేసి, కన్నతల్లి లాంటి అత్తగారికి సేవ చెయ్యడానికి ఇక్కడే ఉండిపోతున్నందుకు నీకు స్తోత్రం."

నేను కళ్ళు తెరిచాను. మా ఆయన ఇంకా గట్టిగా మూసుకున్నాడు. నేను ఉండిపోతున్నానని ఆంటీకి తెలుసు, సమాజానికి తెలుసు, ఆఖరికి దేవుడికి కూడా చెప్పేశారు. నాకొక్కదానికే చెప్పలేదు. అందరూ ఆమెన్ అన్నారు.

"నేను నర్సును కాను ఆంటీ. నాటకాలకి లైట్లు వేస్తాను. గురువారం వెళ్తున్నాను" అన్నాను.

ఆంటీ చెయ్యి తడుముకుంది. "మరి మొన్న సూది..."

"పొడవలేదు కదండీ. బతికిపోయారు."

మరి మీ ఆయన నర్సని ఎందుకు చెప్పాడమ్మా అని అడిగింది. ఆయన్నే అడగండి అన్నాను. ఆయన్నెవరూ అడగలేదు. టీ కూడా తాగకుండా ఒక్కొక్కరే వందనాలు చెప్పి లేచారు.

గేటు పడీ పడగానే మా ఆయన అందుకున్నాడు. పరువు తీశావన్నాడు. నర్సంటే నీకే మర్యాద కదా అన్నాడు. నిచ్చెనలెక్కే దానివని ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటుందన్నాడు. ఎక్కుతున్నాను కదండీ, చెప్పుకోనివ్వండి అన్నాను.

"మరి అమ్మనెవరు చూస్తారు?"

"మీ అమ్మగారే కదండీ."

"నాకేం తెలుసు ఆ పనులు? నేనేమన్నా నర్సునా?"

"నేనూ కాను."

నేను మంచం కింద నుంచి నా పెట్టె లాగి, దాని మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాను. లోపలి గదిలోంచి మా అత్తగారు మూలుగుతూ పిలిచింది.

"రిబ్కా, పాన్ పెట్టవే."

అలవాటుగా లేవబోయిన నా మోకాళ్ళను నేనే ఆపుకున్నాను.

"మీ అబ్బాయి వస్తున్నాడత్తయ్యా."