సెల్మా జడ

హైఫాలో కార్మెల్ కొండ మీద, ఒక మంగలి షాపు పై అంతస్తులోని మూడు గదులే ఆ ఆర్కైవు. జర్మనీ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన యూదులు దాచుకున్నవన్నీ అక్కడికే చేరేవి. పెళ్లి శుభలేఖలు, బడి మార్కుల కార్డులు, నాజీలు బట్టల మీద కుట్టుకోమన్న పసుపు నక్షత్రాలు, ఇల్లు ఖాళీ చేయమన్న తాఖీదులు. అరవై దాటిన ఎర్నా ప్రాగర్ రోజూ పొద్దున్నే వెళ్లి పాత జర్మన్ గొలుసుకట్టు రాతను చదివి టైపు కొట్టేది. జీతం లేదు. కాఫీ మాత్రం ఉచితం, అదీ నోట పెట్టుకునేలా ఉండేది కాదు.

ఆర్కైవు పెద్ద లోథార్ గారు ఎండ మండిపోతున్నా మెడకి టై విప్పని మనిషి. రాగానే ఫొటోల పెట్టెలు తెరిచి చూసేవారు. ఆ పెట్టెల్లోకి చేరిన ఫొటోల్లో మనుషులకి వయసు వచ్చేది. బట్టలు ఆనాటివే ఉండేవి, ముఖం, జుట్టు మాత్రం ఈనాటివి. పోయినవాళ్లు పోయిన నాటి వయసు దగ్గరే ఆగిపోయేవారు. ఈత జట్టు ఫొటోలో నూనూగు మీసాల కుర్రాళ్ల మధ్య బట్టతల తాత ఒక్కడే నిక్కరుతో నిలబడి ఉండేవాడు. లోథార్ గారు పెన్సిలు తీసి వివరాల కార్డు సరిచేసేవారు, అంతే.

"ఎర్నా గారూ, ఆ డ్రెస్డెన్ డాక్టరు గారమ్మాయి పళ్లసెట్టు పెట్టించుకుంది, చూశారా?"

"నిరుడే పెట్టించుకోవాల్సింది లెండి. నవ్వితే చూడలేకపోయేదాన్ని."

ఇన్ని ముఖాలు చూసిన ఎర్నా తన ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోని మాత్రం అక్కడికి తేలేదు. అది బిస్కెట్ల డబ్బాలో ఉండేది. జర్మనీలోని బ్రెస్లావులో, ఆమె పదహారో ఏట, ప్రయాణానికి ముందు తీయించింది. అప్పటి పాలస్తీనాకి పంపే పిల్లల గుంపులో ఎర్నాకి చోటు దొరికింది. రెండేళ్లు పెద్దదైన అక్క సెల్మాకి వయసు దాటిపోయింది. "నవ్వకండి, నవ్వితే ఫొటో పాడు!" అని స్టూడియో ఆయన కేకలేస్తుంటే అక్కచెల్లెళ్లు పెదవులు బిగబట్టుకుని కూర్చున్నారు. చెరొక కాపీ తీసుకున్నారు.

యుద్ధం అయ్యాక ఇంటివాళ్ల జాడ కోసం ఎర్నా ఉత్తరం రాయని చోటు లేదు. అమ్మానాన్నల కబురు వచ్చింది, రాకూడని కబురే. అక్క జాడ మాత్రం తెలియలేదు. పోయిన రోజు తెలియనివాళ్ల కోసమని యూదుల మతగురువులు రబ్బీలు చెప్పిన రోజున, ప్రతి చలికాలం అక్క పేరున దీపం పెట్టేది.

ఒక గురువారం, మామ్మని జర్మన్లో ఓమా అని పిలిచే మనవరాలు నోగా నిండు పొట్టతో వచ్చి, ఆల్బుఖరా పళ్ల కేకు ముందు కూర్చుంది.

"ఓమా, ఆడపిల్లట. సెల్మా అని పెడతాం."

ఎర్నా కేకు కోయడం ఆపేసింది. వాళ్లలో బిడ్డకి పోయినవాళ్ల పేరే పెడతారు. బతికున్నవాళ్ల పేరు పెడితే వాళ్ల ఆయువు తీసినట్టే.

"ఏం, నీకిష్టం లేదా?"

"ఇష్టం లేకేమే. పోయిందని రూఢిగా తెలియాలి కదా."

"ఏటా దీపం పెట్టేది నువ్వేగా!"

"దీపం పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. పేరు అట్లా కాదు."

"నీ డబ్బాలో ఫొటోని ఆర్కైవు పెట్టెలో పెట్టి చూడొచ్చుగా. ఊళ్లోవాళ్ల ఫొటోలన్నీ చూస్తావు!"

"నోరు మూసుకుని కేకు తిను."

కానీ శుక్రవారం ఎర్నా బిస్కెట్ల డబ్బాతోనే పనిలోకి వెళ్లింది. లోథార్ గారు ఫొటోని రెండు చేతులతో అందుకుని, పెట్టెలో పెట్టి మూత వేశారు. శనివారం సెలవు.

ఆ శనివారం ఎర్నాకి ముద్ద దిగలేదు. పద్దెనిమిదేళ్ల అక్క అట్లాగే కనిపిస్తే ఏం చెయ్యాలి? ఎన్నడూ లేనిది బ్రెస్లావు ఇల్లంతా కళ్ల ముందుకొచ్చింది. మైనం పూసిన చెక్క నేల వాసన, పొయ్యి మీద కాలే ఆపిల్ పళ్లు, పియానోకి తాళం వేసే మెట్రోనోమ్ టకటకలు. పియానో టీచరమ్మ అటు తిరగగానే సెల్మా వీపు మీది జడ తీసి ముందుకు, ఎడమ భుజం మీదుగా వేసుకునేది. నీకోసం చూస్తుంటా, బయటికి రా అని దాని అర్థం. ఇద్దరూ వెనక మెట్ల మీదుగా ఉడాయించి, గడ్డకట్టిన కందకం మీద స్కేటింగ్ చేసేవాళ్లు.

ఆదివారం లోథార్ గారు పెట్టెని ఆమె ముందుకు జరిపారు. "మీరే తియ్యండి."

మొదట ఎర్నాకి తనే కనిపించింది. పదహారేళ్ల పిల్ల గౌనులో పొట్టి తెల్లజుట్టు, కళ్లద్దాలు. పక్కన సెల్మా. బుగ్గలు జారిపోయాయి, ఒక కనురెప్ప వాలింది. ముసలిదైపోయింది. బతికే ఉంది. స్టూడియోలో ఇద్దరి జడలూ వీపు మీదే ఉన్నాయి. ఇప్పుడు సెల్మా తెల్లజడ మాత్రం ముందుకు, ఎడమ భుజం మీదుగా పడి ఉంది.

"పిలుస్తోంది," అంది ఎర్నా. జడ సంగతంతా చెప్పింది.

లోథార్ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "అంటే ఆవిడ కాపీ కూడా ఎక్కడో మనలాంటి చోటే ఉంది. అందులో మిమ్మల్ని చూస్తోంది. ఎన్నాళ్ల నుంచో."

"నేను పిరికిదాన్నై డబ్బాలో దాచాను. అదేమో జడేసుకుని కూర్చుంది," అని ఎర్నా వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఈ ఫొటో రెండో కాపీ ఎక్కడుందో, ఇచ్చిందెవరో, అన్ని ఆర్కైవులకీ ఇవాళే రాస్తాను. దొరక్కుండా ఎక్కడికి పోతుంది?"

ఉత్తరం ఎప్పటికి చేరుతుందో! ఈలోగా తనూ జడేసుకుని జవాబిద్దామంటే ఎర్నా జుట్టు మెడ దాటదు. బల్ల మీదున్న తెల్ల నాడా తీసుకుని మెడ దగ్గరి వెంట్రుకలకి ముడేసి, ఎడమ భుజం మీదుగా ముందుకు లాక్కుంది.

"ఎర్నా గారూ, అది పెట్టెలు కట్టే నాడా..."

"జీతంలో పట్టుకోండి."

ఆ నాడాతోనే బస్సెక్కింది, ఆ నాడాతోనే పడుకుంది. సోమవారం మూత తీసేసరికి ఫొటోలో ఎర్నా భుజం మీద నాడా ఉంది. పక్కన సెల్మా, స్టూడియో ఆయన ఎన్ని కేకలేసినా ఇక వినేది లేదన్నట్టు, ఊడిన పన్ను కనపడేలా పగలబడి నవ్వుతోంది.

సాయంత్రం నోగా ఫోను చేసింది. "ఏమైంది ఓమా? పేరు పెట్టొచ్చా?"

"వద్దే. నీ కూతురికి ఇంకో పేరు చూసుకో. ఆ పేరు మా అక్క ఇంకా వాడుకుంటోంది."